మేడం వంచిన గోడ

మంగళవారం పొద్దున చిక్కడపల్లిలో చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. మా మేడం పోయారు. అశోక్‌నగర్‌లో తిరిగే వాళ్లు ఆవిడను చూసే ఉంటారు. ఆదివారం పొద్దున్నే కటింగ్ ప్లేయర్‌తో చెట్లకు కొట్టిన మేకులు పీకుతూ, కోచింగ్ సెంటర్ల బోర్డులు కింద పేర్చే పెద్దావిడ. ఏడవడానికి కాదు నేనిది రాస్తున్నది. ఆవిడ గెలిచారు. అది చెప్పాలి.

ఆవిడ పరిచయం కాకముందు, చెట్లను కాపాడాలంటూ దొరికిన కరపత్రమల్లా చదివి, ఒకటి నేనూ అచ్చేయించాను. ‘చెట్లను చంపేవాళ్లు హంతకులు!’ దాన్ని మా గల్లీ వేపచెట్టుకే నాలుగు మేకులతో కొట్టాను. మేడం ఆగి మొత్తం చదివారు. “మంచిగ రాసినవ్ తమ్మీ. హంతకుల లిస్టుల నీ పేరు ఏడుంది?” అంటూ ప్లేయర్ నా చేతిలో పెట్టారు.

ఏళ్లపాటు అడవుల్లో పక్షుల మీద పరిశోధన చేసి, ఆ తర్వాత నారాయణగూడలో పిల్లలకు జువాలజీ చెప్పిన మనిషి. మీకు ఈ గల్లీల్లో ఏం పని అని అడిగాను. “అడవికి గార్డున్నడు. గీ చెట్టుకు ఎవడున్నడు?” అన్నారు.

కిందటేడు ఆపద ఆ వేపచెట్టు మీదికే వచ్చింది. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు కొత్తగా కట్టే కాంపౌండ్ గోడకు అది అడ్డం. పైగా తొర్రలో గుడ్లగూబల జంట.

“గూబ కూస్తే ఇంటికి అరిష్టం మేడం. కొట్టేస్తం” అన్నాడు సెక్రటరీ. నేను చొక్కా చేతులు మడిచాను.

“నువ్వు కూసో” అన్నారు మేడం, నన్ను. చెట్టు కింద గూబలు తిన్నది అరగక కక్కిన ఉండలు ఏరి, పేపర్ పరిచి, అందరి ముందూ గుండుసూదితో విప్పారు. సన్నటి దవడ ఎముక, పళ్లతో సహా.

“మీ సెల్లార్ల బండ్ల వైర్లు కొరికేది గిదే సార్, ఎలుక. గూబ అరిష్టమే, కాకపోతే దీనికి.”

అందరూ నవ్వారు. స్కూటర్ వైరు రెండుసార్లు మార్పించిన సెక్రటరీ మాత్రం నవ్వలేదు. ఆ ఎముకను చూసి, “మరి గోడ ఎట్ల?” అన్నాడు.

“గోడ జర వంపు తిప్పుత మేడం” అన్నాడు పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి. “నాలుగిటుకలు ఎక్కువైతయ్, గంతే గద.”

గోడ వంగింది! చెట్టును చూసుకోవడానికి ఇంటింటికీ వారం వంతులు వేశారు మేడం. మొదటి వంతు సెక్రటరీదే. నా కరపత్రం చేయలేని పని ఎలుక ఎముక చేసింది. ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

నిన్న సాయంత్రం వెళ్లాను. గోడ వంపులో, చెట్టుకు మేడం ఫోటో వేలాడుతోంది. నాకు కోపం నషాళానికి అంటేలోపే సెక్రటరీ అడ్డమొచ్చాడు.

“మేకు గాదు తమ్మీ, సుత్లి. చూస్కో.”

నిజమే, సుత్లి తాడే. పైన తొర్రలోంచి ఓ పిల్లగూబ మెడ సాచి, తల పైకీ కిందికీ ఊపుతూ మా ఇద్దరినీ చూస్తోంది.