మూడు నిమిషాల తేడా

సాయంత్రం ఏడూ పన్నెండుకి మా ఆయన చేసిన రిసీవర్ తెర మీద మొదటిసారి అంకెలు నిలిచాయి. అది ఏడూ పన్నెండని ఇప్పుడు తెలుసు. అప్పుడు మా గోడ గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది, ఆయన చేతి వాచీ ఏడుంబావు చూపిస్తోంది.

రాయపూర్‌లో రైల్వే క్వార్టర్సు ఖాళీ చేసి అదే ఊళ్ళో మోవా వైపు ఇల్లు తీసుకున్నాక వచ్చిన శీతాకాలం అది. ఆయన రైల్వే టెలికాంలో పనిచేసి రిటైరయ్యారు. నేను ఇంకా ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. షుగరు వల్ల ఆయన ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి లేజరు చేసిన డాక్టరు, చూపు ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేనన్నాడు. టంకం పెట్టే చూపు ఉండగానే ఒక్క పని ముగించాలని ఆయన కోరిక. దూరాన ఒక కేంద్రం రేడియోలో పంపే సమయాన్ని తన చేతులతో చేసిన రిసీవర్‌లో పట్టుకోవాలి. అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో సమయం పంపే కేంద్రం మన దేశంలో లేదట. మనకు అందేది చైనాది.

"చైనావాడి టైంలోంచి రెండున్నర గంటలు తీసేస్తే మన టైం," అన్నారు.

మొదట్లో రొద తప్ప ఏమీ రాలేదు. ఆయన ఇంట్లో ఒక్కొక్క స్విచ్చీ ఆపుతూ, ఆ రొద దేనివల్లో హెడ్‌ఫోను పెట్టుకుని వినేవారు. దొరికిన మొదటి దొంగ టీవీ. తర్వాత సీఎఫ్ఎల్ బల్బులు, నా మొబైల్ చార్జరు. టీవీ ప్లగ్గు పీకేశారు. వంటింట్లో పాత పసుపు బల్బు పెట్టారు.

ఇంత చీకటేమిటి, టీవీ పాడైందా అని పక్కింటావిడ గోడ మీదుగా అడిగింది. "భాభీ, ఇత్‌నా అంధేరా క్యూఁ? టీవీ ఖరాబ్ హో గయా క్యా?"

"టీవీ ఠీక్ హై. సాహబ్ ఖరాబ్ హో గయే," అన్నాను, టీవీ బాగానే ఉంది, పాడైంది మా ఆయనేనని. లోపలినుంచి ఆయన గట్టిగా నవ్వారు.

ఆ తర్వాత తీగ చుట్టిన నల్లటి ఫెరైట్ కడ్డీని, అదే యాంటెన్నా, స్టూలు మీద పెట్టి కొంచెం కొంచెంగా తిప్పారు. కడ్డీ మొన చైనా వైపు ఉంటే ఏమీ వినబడదు, అడ్డంగా ఉండాలి. అలా తిప్పగా తిప్పగా అంకెలు వచ్చాయి.

గడియారం సంగతి చెప్పాలి. మా రైల్వే ఇళ్ళలో గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు పెట్టేవాళ్ళం, డ్యూటీ తప్పకూడదని. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అందరూ ఐదు తీసేసి టైం చూసుకునేవాళ్ళు. అలా తీసేసుకునే మా ఆయన ప్రతి ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకు రెండో పాటకు చేరేవారు. అందుకని అంతకుముందు వానాకాలం గడియారంలో సెల్లు మార్చినప్పుడు నేను మరో మూడు నిమిషాలు ముందుకు జరిపాను. చెప్పలేదు. చెబితే ఎనిమిది తీసేస్తారు. అప్పటినుంచి మొదటి పాటకే చేరేవాళ్ళం. "పాస్టరుగారు ఈమధ్య లేటుగా మొదలుపెడుతున్నారే," అనేవారాయన. కీ ఇచ్చే వాచీ ఆయనది. రోజూ పొద్దున్న గోడ గడియారం చూసి, ఐదు తీసేసి, సరిచేసుకునేవారు. నా మొబైల్లో టైమూ ఆ గడియారం చూసి పెట్టుకున్నదే.

ఆ సాయంత్రం ఆయన కేకేస్తే చపాతీ పిండి చేతులతో వెళ్ళాను.

"వచ్చిందా?"

"వచ్చింది. కానీ ఏదో గడ్‌బడ్ ఉంది. కొంచెం తేడా వస్తోంది."

"అంత దూరంనుంచి రావాలి కదండీ, తేడా ఉండదా మరి," అని పెనం మాడుతోందని వెళ్ళిపోయాను.

తర్వాత రోజూ ఆయన తప్పు కోసం రిసీవర్‌లోనే వెతికారు. కండెన్సర్లు మార్చారు. సంకేతం బలహీనంగా వచ్చి అంకెలు తప్పు చదువుతోందేమో అనుకుని చివరికి కడ్డీ మీద చుట్టిన కాయిలే విప్పేశారు. నేను డ్యూటీనుంచి వచ్చేసరికి బోర్డు న్యూస్‌పేపరు మీద బోసిగా ఉంది.

"అన్నీ మార్చి చూశానే. ఎప్పుడు చూసినా నా వాచీకంటే మూడు నిమిషాలు వెనక. రెండు కాదు, నాలుగు కాదు. చెడిపోయిందేదీ రోజూ ఒకేలా చెడదు కదా?"

హ్యాండ్‌బ్యాగు భుజానే ఉంది. అలాగే కూర్చుని చెప్పేశాను.

ఆయన ఒంటికన్నుతో గడియారాన్ని కాసేపు చూశారు. "ఐదు నేను దొంగిలించాను, మూడు నువ్వు. నిజం చెప్పినవాడు చైనావాడొక్కడే. వాణ్ణి పీకి పారేశాను," అని నవ్వారు.

మళ్ళీ చుట్టడం మొదలుపెట్టారు. తీగ వెంట్రుకంత సన్నం. చుట్లు లెక్క తప్పేవి, టంకం పక్కన పడేది. టంకం నన్ను పెట్టమన్నారు. పసిపిల్లల చేతిలో నరం దొరకబుచ్చుకునేదాన్ని, ఆ బోర్డు మీద రాగిగీత కాల్చేశాను. "నర్సమ్మా, అది ఇంజెక్షను కాదు. ఊరికే తాకించు," అన్నారు. వానలు రాకముందే కుడి కంట్లోనూ రక్తం దిగి చూపు పోయింది. బోర్డు బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళింది. చైనా టైం మా ఇంటికి మళ్ళీ రాలేదు.

ఆయన మాత్రం ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఈ కథ చెప్పి నవ్వించేవారు. "చెప్పవే, ఎన్ని నిమిషాలు నొక్కేశావో," అని నావైపు తిరిగేవారు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. గడియారం జరపడం గురించి నాకంత బాధ లేదు. అది ఆయన కోసమే చేశాను. జ్వరం ఎంత, నొప్పి ఎంత, ఎన్నిసార్లు అని వార్డులో ప్రతి మనిషినీ అడిగేదాన్ని. తేడా ఎంతండీ అని ఆ సాయంత్రం ఇంట్లో అడగలేదు. అడిగి ఉంటే కాయిలు విప్పేవారు కాదు. ఆయన చూపు ఉన్నంతకాలం ఆ అంకెలు చూసుకునేవారు.

ఆయన ఇంట్లోనే పోయారు. వచ్చిన డాక్టరు ఎన్నింటికని అడిగితే, గోడ మీద చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను ఒప్పుకున్న రోజునుంచీ మా ఇంట్లో గడియారం ముందుకు పెట్టడం లేదు.