పూలు పెట్టని కిటికీ

కోట నుంచి కిందికి దిగే దారిలో, చెస్ట్‌నట్ అడవి అయిపోయి ద్రాక్షతోటలు మొదలయ్యే చోట ఒక మలుపు ఉంది. అక్కడికి రాగానే ఇర్మా బస్సు లైట్లు రెండుసార్లు వేసి ఆర్పేది. ఎండ మండిపోతున్నా సరే, ఎదురుగా ఏ బండీ లేకపోయినా సరే. వెనక కూర్చున్న యాత్రికుల్లో ఎవరో ఒకరు ఎందుకని అడిగేవారు. అడవిలో జింకలుంటాయని నేను చెప్పేదాన్ని. ఇన్నేళ్ళు గైడుగా బతికాక అబద్ధం చెప్పడం నాకు ఆవులించినంత సులువు.

ఆ మలుపు నుంచి చూస్తే కింద మా ఊరు బ్లీన్‌వీర్ మొత్తం కనిపిస్తుంది. పెద్దవీధి చివర, చర్చి పక్కన పసుపు గోడల ఇల్లు ఇర్మాది. దాని పైఅంతస్తు కిటికీకి బయటివైపు నీలం రంగు చెక్క రెక్కలు ఉంటాయి. బస్సు లైట్లు వెలిగిన కాసేపటికి ఆ రెక్కల్లో ఒకటి మెల్లగా మూసుకునేది. లోపల ఆమె భర్త తేయో లైట్లు చూశాడని, సూపు వేడి చేస్తున్నాడని దానికి అర్థం. రెక్క మూసుకున్నాకే ఇర్మా గేరు మార్చి బస్సును దింపేది.

ఇర్మాకి అరవై దాటాయి. ద్రాక్షతోటల వాళ్ళ పిల్ల. కాళ్ళు సరిగ్గా అందకముందే తండ్రి ఆమెను ట్రాక్టరు ఎక్కించాడు. ఆ తర్వాత బడిపిల్లల బస్సు తోలింది, ఆ తర్వాత ఈ యాత్రికుల బస్సు. మా ఆల్సాస్ సీమ దాటి ఎక్కడికీ పోయింది లేదు. ఎప్పుడైనా సముద్రం చూసొద్దామే అని నేనంటే, "ప్రపంచమంతా వచ్చి నా వెనక సీట్లోనే కూర్చుంటుంటే నేనెక్కడికి పోవాలే" అనేది.

మా ఇద్దరి పనీ ఏళ్ళ తరబడి ఒకే తీరు. పొద్దున కోల్మార్ స్టేషను దగ్గర జనాన్ని ఎక్కించుకుంటాం. పిల్లల బొమ్మల పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుండే ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతాం. కర్రచట్రాల ఇళ్ళు, చిమ్నీల మీద కొంగల గూళ్ళు, బావుల చుట్టూ పూలు. ఈ ఇళ్ళల్లో నిజంగా మనుషులుంటారా అని అడుగుతారు. ఉంటారండీ, లోపల బట్టలుతుక్కుంటున్నారు అంటాను. నవ్వుతారు. నేను నవ్వడం మానేసి చాలాకాలమైంది.

మధ్యాహ్నం కోటకి ఎక్కుతాం. అక్కడ అందరిదీ ఒకటే ప్రశ్న: ఇందులో అసలుది ఏది, కొత్తగా కట్టింది ఏది? స్వీడన్ సైన్యం తగలబెట్టి పోయాక రెండువందల ఏళ్ళకు పైగా మొండిగోడలుగా పడి ఉన్నదాన్ని, మేము జర్మనీ కింద ఉన్న రోజుల్లో వాళ్ళ చక్రవర్తి ముచ్చటపడి మళ్ళీ కట్టించుకున్నాడు. కట్టిన పదేళ్ళకే మేమూ కోటా కలిసి ఫ్రాన్సు చేతికి వచ్చాం. ఇదంతా ఎవరికీ అక్కర్లేదు. కింది రాళ్ళు పాతవి, పై రాళ్ళు కొత్తవి అంటాను, తలలూపి ఫోటోలు తీసుకుంటారు. ఆ సేపంతా ఇర్మా బస్సు దిగేది కాదు. స్టీరింగు మీద చేతులు మడిచి, వాటి మీద తల వాల్చి కునుకు తీసేది. ఒళ్ళు హూనమైన మనిషి నిద్ర అది, పిలిస్తే ఉలిక్కిపడి బ్రేకు మీద కాలు వేసేది.

సాయంత్రం కోట దిగి మా ఊళ్ళో ఆగుతాం. యాత్రికులు వైన్ రుచి చూడటానికి ఒక నేలమాళిగలోకి పోతారు. ఆ అరగంటా ఇర్మాది. పరుగున ఇంటికి పోయి తేయోతో కలిసి సూపు తాగి, మళ్ళీ వచ్చి జనాన్ని కోల్మార్‌లో దింపేది. తిరిగి ఇల్లు చేరేసరికి తేయో నిద్రపోయి ఉండేవాడు. పొద్దున ఆమె బయల్దేరేటప్పటికి ఇంకా లేచేవాడు కాదు. రోజు మొత్తంలో ఆ మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకునేది ఆ అరగంటే.

తేయో ఇళ్ళ మీద పెంకులు వేసేవాడు. మా చుట్టుపక్కల ఆయన ఎక్కని కప్పు లేదు, కోట మీద కూడా ఒక వేసవంతా పెంకులు మార్చాడు. కోతిలా కప్పుల మీద తిరిగిన మనిషి, చివరికి వంటింట్లో కుర్చీలోంచి పడ్డాడు. పక్షవాతం. కుడివైపు మొత్తం పోయింది, మాట పోయింది. పొద్దున నర్సు వచ్చి శుభ్రం చేసి, కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పోయేది, చీకటిపడ్డాక మళ్ళీ వచ్చి పడుకోబెట్టేది. పక్కనే చిన్న కరెంటు పొయ్యి, దాని మీద సూపు గిన్నె. ఎడమచేత్తో లాగడానికి వీలుగా కిటికీ రెక్కకి ఇర్మా ఒక తాడు కట్టింది. ఆ తాడూ ఆ పొయ్యీ, ఆ రెండింటితోనే తేయో ఇంటికి ఇంకా యజమాని.

ఈ లైట్ల సంగతీ రెక్క సంగతీ నాకు తెలుసు, నర్సుకి తెలుసు. ఇంకెవరికీ తెలీదు. మా వాళ్ళు ఇంటి సంగతి వీధిలో చెప్పుకోరు. వాన గురించి, ద్రాక్ష గురించి గంటలు గంటలు మాట్లాడతారు, గుండెలో ఉన్నది మాత్రం గుమ్మం దాటనివ్వరు.

మా ఊళ్ళో పూల పిచ్చి ఒకటుంది. ఊరి మొదట్లో బోర్డు మీద ఎన్ని పువ్వుల బొమ్మలుంటే అంత పరువు. జులైలో జడ్జీలు వచ్చి వీధివీధీ తిరిగి చూసి ఆ పువ్వులు ఇస్తారు, లేదా పీకేస్తారు. అందుకని మే నెల మధ్యలో మేం మంచు పునీతులని పిలుచుకునే సెయింట్ల పండగ రోజులు దాటగానే, ఇక గడ్డకట్టే చలి ఉండదని నమ్మకం కుదిరి, ఊరంతా కిటికీల కింద ఎర్ర జెరేనియం తొట్లు వేలాడదీస్తారు. ఆ ఏడు కూడా వేలాడదీశారు, ఇర్మా తప్ప. తొట్లు పెడితే తేయోకి మలుపు కనపడదు, రెక్క మూసుకోదు.

పూల సంఘానికి పెద్ద బ్లాండీన్, వైన్ కొట్టాయన పెళ్ళాం. ఒకరోజు పొద్దున్నే, మేము బస్సు తీస్తుంటే వచ్చి నిలబడింది.

"ఏమ్మా ఇర్మా, మంచు పునీతులు వెళ్ళిపోయి వారమైంది. నీ కిటికీ ఇంకా బోసిమొహం వేసుకునే ఉందేంటి?"

"అలిసిపోయాను బ్లాండీన్."

"అందరం అలిసిపోయాం. పక్కూరోళ్ళకి పోయినేడు నాలుగో పువ్వొచ్చింది, మనం మూడు దగ్గరే ఏడుస్తున్నాం. ఆ ఊరి మేయరు మొహం చూడలేక నేను సంతకి పోవడమే మానేశా."

"మంచిదేగా, ఖర్చు తగ్గింది."

"వేళాకోళం కాదమ్మా. ఇంకోటి, సాయంత్రం ఫోటోలకి వెలుతురు బాగున్నప్పుడే నీ రెక్క ఒకటి మూసుకుంటుంది. ఇల్లు ఒంటికన్నుతో చూస్తున్నట్టుంటుంది. కాస్త గమనించుకో."

"అలిసిపోయానని చెప్పాగా."

అలిసిపోయానంటే మా ఊళ్ళో ఎవరూ తప్పుపట్టరు, ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. బ్లాండీన్ కూడా అడగలేదు. నోరు పెద్దదేగానీ మనసు చెడ్డది కాదు. పాపం పొద్దుగూకులూ బస్సు తోలే మనిషి, మొగుడు మంచాన పడ్డాడు, మొక్కలు నాటే ఓపిక ఎక్కడిది అనుకుంది. అలా అనుకుని ఊరుకుంటే బాగుండేది.

రెండు రోజుల తర్వాత కోట దిగుతున్నాం. ఆ రోజు జనం ఎక్కువ, ఎండ ఎక్కువ. అందరూ తలలు వేలాడేసుకుని కూర్చున్నారు. మలుపు దగ్గర ఇర్మా లైట్లు వేసి ఆర్పింది, రెండుసార్లు. కింద రెక్క కదల్లేదు. మళ్ళీ వేసింది. కదల్లేదు. దారి మధ్యలో బస్సు ఆపేసింది.

"ఎడిత్, నీ కళ్ళు మంచివి. చూడు."

చూశాను. "కిటికీ దగ్గర ఏదో ఎర్రగా ఉందే."

"ఎరుపేంటి?"

"ఏమో. గుడ్డేమో."

"మా ఇంట్లో ఎర్రగుడ్డ లేదు." స్టీరింగు మీదికి వంగి చూసింది. "పొయ్యి అంటుకుందేమోనే."

"పొగ లేదుగా."

"జింకా?" అని వెనక నుంచి ఎవరో ఆశగా అడిగారు. ఇర్మా ఆ కొండదారిలో బస్సును ఎలా దింపిందో ఆ దేవుడికే తెలియాలి. మలుపుల్లో ఒక్క హారన్ లేదు. నాకు భయం తేయో గురించి కాదు, ఆమె గురించి.

ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. ఇర్మా బస్సు తలుపు తీస్తూనే అందరూ చప్పట్లు కొట్టారు. బ్లాండీన్ ఒక చేతిలో వైన్ సీసా, ఇంకో చేతిలో కేకు పట్టుకుని నిలబడింది. పైన, తేయో కిటికీ నిండా ఎర్ర జెరేనియంలు. నీలం రెక్కల్ని రెండువైపులా గోడకి కొక్కేలతో బిగించేశారు. నిచ్చెన ఇంకా గోడకి ఆనించే ఉంది.

ఇర్మా ఎవరినీ చూడకుండా మెట్లెక్కింది. వెనకే నేను పరిగెత్తాను.

తేయో కుర్చీలోనే ఉన్నాడు. ఎదురుగా ఆకులూ పూలూ తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ తాడు ఎడమచేతికి చుట్టుకుని లాగుతూనే ఉన్నాడు. మేము వచ్చిన అలికిడికి కూడా ఆగలేదు. ఎప్పటినుంచి లాగుతున్నాడో, మణికట్టు దగ్గర చర్మం కమిలి లేచిపోయింది. లైట్లు కనపడక వేళ చూసి ముందే పొయ్యి వేసినట్టున్నాడు, సూపు మరిగి మరిగి అడుగంటింది.

ఇర్మా మోకాళ్ళ మీద కూలబడి తాడు విప్పింది. "ముసలోడా, నువ్వు పోయావనుకున్నానురా" అంది. అని, ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అన్నేళ్ళలో ఆమె ఏడవడం నేను చూసింది అదే. తేయో ఎడమచెయ్యి ఆమె తల మీద వేసి, కిటికీ వంక కోపంగా చూస్తూ కూర్చున్నాడు.

బ్లాండీన్ కేకు పట్టుకుని ఆయాసపడుతూ పైకి వచ్చింది. "నచ్చాయా? మేం కడుతుంటే తేయో చెయ్యి కూడా ఊపాడు. మేమూ ఊపాం. ముద్దులు కూడా విసిరాం."

"వద్దని ఊపాడు" అంది ఇర్మా తల ఎత్తకుండానే. తర్వాత, ఇన్నాళ్ళూ గుమ్మం దాటనివ్వని సంగతంతా ముక్కలు ముక్కలుగా చెప్పేసింది. మలుపు, లైట్లు, తాడు, సూపు, అరగంట.

బ్లాండీన్ మొహం కేకు మీదికి వాలిపోయింది. తర్వాత కేకు మంచం మీద పెట్టి, చేతులు పైకి మడుచుకుని, "కొక్కెం లోపల్నించి ఊడుతుందా, నిచ్చెనెక్కాలా?" అంది. ఆవిడే ఎక్కింది. తొట్లు ఒక్కొక్కటే దింపి తన కొట్టు ముందు పెట్టుకుంది.

జులైలో జడ్జీలొచ్చి ఆ బోసి కిటికీ ఏమిటని అడిగితే, "దానికి మరమ్మతు జరుగుతోందండీ" అని చెప్పింది. ఆ ఏడు కూడా మూడు పువ్వులే వచ్చాయి. బ్లాండీన్ ఇర్మాని పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం రెక్క మూసుకునే వేళకి కొట్టు గుమ్మంలోకి వచ్చి ఒకసారి పైకి చూసి లోపలికి పోయేది.

ఫిబ్రవరిలో, మంచు కురుస్తుండగా, తేయో నిద్రలోనే పోయాడు. యాత్రికులు లేని రోజులు కావడంతో ఇర్మా ఇంట్లోనే ఉంది. అదొక్కటే ఊరట.

మేలో మళ్ళీ మంచు పునీతులు వచ్చి వెళ్ళారు. బ్లాండీన్ బస్సు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "నీ కిటికీ జోలికి ఎవరూ రారమ్మా. నేను బతికుండగా రానివ్వను."

"జెరేనియంలు మిగిలాయా?" అంది ఇర్మా.

"ఉన్నాయి. ఎందుకు?"

"కట్టించు. ఎర్రవే. రెక్కలకి కొక్కేలు కూడా బిగించు, పోయినసారి లాగే."

బ్లాండీన్ నా వంక చూసింది, నేను భుజాలెగరేశాను. బహుశా మనసు గట్టి చేసుకుందేమో, ఊరితో పాటు తనూ అనుకుందేమో అనుకున్నాం. ఆ సాయంత్రానికల్లా కిటికీ నిండిపోయింది. ఇప్పుడు మా ఊళ్ళో యాత్రికులు అన్నిటికన్నా ఎక్కువగా ఫోటోలు తీసుకునేది దాన్నే. ఇర్మా వైన్ అరగంటలో ఇంటికి పోదు. బస్సులోనే కూర్చుని రొట్టె తింటుంది.

కట్టిన మర్నాడు కోట దిగుతున్నాం. మలుపు రాగానే ఆమె లైట్లు వేసి ఆర్పింది, రెండుసార్లు. నా మనసు చివుక్కుమంది. కింద ఎర్రని చుక్కలా కిటికీ కనిపిస్తోంది. రెక్క ఎలాగూ కదలదు. అయినా ఆగి చూసింది.

"ఆ పూలెందుకు కట్టించావే?" అన్నాను ఉండబట్టలేక.

"పోయినేడు ఆ రోజు రెక్క కదల్లేదు. గుర్తుందా? ఇంకేముంది పోయాడనుకున్నా. తీరా చూస్తే పూల వెనకాలే ఉన్నాడు, తాడు లాగుతూ." కళ్ళు తుడుచుకోలేదు, రెప్పలు మాత్రం ఆడించింది. "కిటికీ ఉత్తగా ఉండి రెక్క కదలకపోతే మనిషి లేడనే అర్థం. పూలుంటే, పూలు అడ్డమొచ్చాయనుకోవచ్చు."

గేరు మార్చింది. బస్సు కిందికి దిగసాగింది. వెనక సీట్లోంచి ఎవరో పెద్దావిడ ముందుకి వంగి, లైట్లెందుకు వేశారని అడిగింది. జింకలుంటాయని చెప్పాను.