ఊళ్ళన్నీ మా అరుగు మీదికి వచ్చేవి

మా మావగారు పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఇంట్లోనే ఉండి కూడా ఆ కబురు వీధిలో వాళ్ళందరికంటే వెనక విన్నాను. ఉదయం పది గంటలప్పుడు అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, ఎవరితోనో మాట్లాడుతూనే తల వాల్చేశారట. నేను పెరట్లో పప్పు రుబ్బుతున్నాను. మా వారు వచ్చి చెప్పేసరికి అరుగు నిండా జనం. అరుగు మీద ఏం జరిగినా నాకు చివరనే తెలియడం ఈ ఇంట్లో అలవాటు. చావు విషయంలోనూ అది తప్పలేదు.

బందరులో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. చాలా ఏళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పారు. ఉద్యోగం మానాక ఆయనకు పట్టుకున్న వ్యసనం ఒక్కటే, పైప్రాంతాల బాటసారుల్ని ఇంటికి తీసుకురావడం. ఉదయం రైలు వేళకు స్టేషనుకు నడిచి వెళ్ళేవారు. కలంకారీ అద్దకం చూడవచ్చినవాళ్ళు, కూచిపూడికి దారి అడిగేవాళ్ళు, దివిసీమకు పడవ ఎక్కాలనుకునేవాళ్ళు ఎవరైనా సరే, సంచి భుజాన వేసుకుని దిక్కులు చూస్తుంటే చాలు, వెంటబెట్టుకుని వచ్చేవారు. ఒక పూట ఉన్నా వారం ఉన్నా ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. ఒకటే షరతు. భోజనమయ్యాక అరుగు మీద కూర్చుని వాళ్ళ ఊరి సంగతులు చెప్పాలి. ఈయన మన సంగతులు చెబుతారు.

"వాళ్ళు మన అన్నం తింటారు, మనం వాళ్ళ ఊరు చూస్తాం. లాభం ఎవరికమ్మా?" అనేవారు నాతో.

చూసేది మీరు కదండీ అని నా నోటిదాకా వచ్చేది. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. వంటిల్లు నాది. వచ్చినవాళ్ళు అరుగు మీద ఊళ్ళు విప్పుతుంటే నేను లోపల అంట్లు సర్దుకుంటూ ఉండేదాన్ని. ఒకసారి సైకిలు మీద దేశం చుట్టే బొంబాయి మనిషి వచ్చాడు. అతని మాటల్ని మావగారు వీధివాళ్ళకు తెలుగులో చెబుతున్నారు. నేను మజ్జిగ తీసుకెళ్ళేసరికి ఎడారిలో ఒంటె పడిపోయింది. ఖాళీ గ్లాసులు తేవడానికి వెళ్ళేసరికి లేచి నడుస్తోంది. మధ్యలో ఏమైందో ఇప్పటికీ తెలియదు. సాయంత్రం అడిగాను.

"ఒంటె బతికిందిలే అమ్మాయ్."

"అంతేనా అండీ?"

"సారాంశం అదే."

మధ్యాహ్నమంతా సాగిన కథ నా దగ్గరికి వచ్చేసరికి మూడు మాటలు. జన్మంతా పిల్లలచేత సారాంశాలు రాయించిన మనిషి మరి. ఆయనకు ఇంగ్లీషు, హిందీ, కొంత అరవం వచ్చు. హిందీ రెండు ముక్కలు నాకూ నేర్పమన్నాను. "ఎందుకమ్మా, నేనున్నానుగా" అన్నారు.

ఎవరొచ్చినా ఒకే పంక్తిలో విస్తరి వేయించేవారు. ఇంటికొచ్చినవాణ్ణి కులమేమిటని అడగడం అమర్యాద అనేవారు. మంచి మాటే, కాదనను. కానీ ఆ మంచికి నాకు దక్కిందేమిటంటే, గుడివాడ నుంచి వచ్చిన మా అమ్మ మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టకుండా గుమ్మంలోనే నన్ను చూసి వెళ్ళిపోయింది. నేను పుట్టింటికి వెళ్తే నా విస్తరి విడిగా వసారాలో వేసేవారు. "పోనీలే, వాళ్ళే మారతారు" అన్నారు మావగారు. ఇంతవరకూ మారలేదు. యుద్ధం రోజుల్లో బియ్యానికీ కిరసనాయిలుకీ కటకటలాడుతున్నా ఆయన అతిథులు తగ్గలేదు. "ఇద్దరే అమ్మా" అనేవారు. చూస్తే నూతి దగ్గర నలుగురు కాళ్ళు కడుక్కుంటూ ఉండేవారు.

యుద్ధం చివరి ఏడు పూనా నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ అరుగు మీద కూర్చోలేదు. తిన్నగా వంటింట్లోకి వచ్చి, నా ఎదురుగా పీట వేసుకుని, జొన్నపిండి కలిపి చేత్తో రొట్టె తట్టడం చూపించింది. నాకు ఆవిడ మాట రాదు, ఆవిడకు నాది రాదు. రెండో రోజు రొట్టె కాలుస్తూనే నా చేయి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఇంతలో మావగారు గుమ్మం దగ్గరికి వచ్చారు.

"ఏమంటోందండీ?" అన్నాను.

ఆయన చూపు పొయ్యి మీదికి తిప్పి, "నీ వంట బాగుందంటోందమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున్న రైలుకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన స్టేషను నుంచి తిరిగి రాగానే అడిగాను. "వంట బాగుంటే ఎవరైనా ఏడుస్తారా మావయ్యగారూ?"

ఆయన ఉత్తరీయం సర్దుకుంటూ నిలబడ్డారు. "వాళ్ళ చిన్నపిల్ల పోయిందటమ్మా. నీకూ అలాగే జరిగిందని నేనే వాళ్ళతో అన్నాను. ఆ మాటే మాట్లాడింది. ఏడాదన్నా తిరగలేదు, నిన్ను మళ్ళీ ఏడిపించడమెందుకని..."

నాకు ఎప్పుడూ అంత కోపం రాలేదు. నా పాప పేరు ఇంట్లో అందరూ తలవడం మానేశారు. ఎక్కణ్ణుంచో ఒక మనిషి వచ్చి ఆ మాటెత్తితే, అది నా దగ్గరికి వచ్చేసరికి వంటయింది. ఆవిడకు నేను నవ్వుతూ తల ఊపాను కూడా. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

సాయంత్రం ఆయన కాగితాలు, కలం పట్టుకుని వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నారు. "చెప్పమ్మా, ఆవిడకు రాస్తాను. ఒక్క ముక్క వదలను."

చెప్పాను. పాప జ్వరం గురించి, ఆ నాలుగు రోజుల గురించి, ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాను. మూడు కాగితాలు నిండాయి. మధ్యలో రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అయ్యాక వాక్యం వాక్యం తెలుగులో చదివి వినిపించి, "ఏమైనా వదిలానా?" అని అడిగారు. వదలలేదు. ఆయన మీద నాకున్న కృతజ్ఞత అంతా ఆ గడప మీద కూర్చున్న మనిషికే.

జవాబు రాలేదు. చిరునామాలో పొరపాటు చేశానేమోనని పోస్టుమాన్ కనిపించినప్పుడల్లా మథనపడేవారు. ఆ తరవాతే పలకా బలపం తెచ్చి నాకు హిందీ మొదలుపెట్టారు. ఎంత ఆలస్యంగానో. అక్షరాలు దాటి పది పదిహేను మాటలు వచ్చాయో లేదో, ఆయన వెళ్ళిపోయారు.

సంతాప సభలో ఒక పెద్దాయన, ఆ ఇంట్లో అక్షయపాత్ర ఉండేదన్నారట. మా వారు వచ్చి చెప్పారు. ఉండేది, రోజూ దాన్ని తోమింది నేను. సభకు ఆడవాళ్ళను పిలవలేదు.

మొన్న మధ్యాహ్నం ఒకాయన సంచితో వచ్చి మేష్టారు కావాలని హిందీలో అడిగాడు. మా వారు కోర్టు కచేరీలో ఉన్నారు. లేరన్న మాట ఎలాగో కూడబలుక్కుని చెప్పాను. ఆయన దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాడు. "బైఠియే" అంటూ కూర్చోమని అరుగు చూపించాను. భోజనం పెట్టాను. తరవాత అంట్లు అలాగే వదిలేసి, అరుగు మీద ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.

ఆయన మొదలుపెట్టాడు. నదీ, పానీ, ఈ రెండే పట్టుకోగలిగాను. నా మొహం చూసి ఆగి, గ్లాసులో వేలు ముంచి అరుగు అంచున బండ మీద నది గట్టులా ఒక గీత గీశాడు. పక్కన ఇళ్ళలాగా చిన్న చిన్న చుక్కలు పెట్టి, ఒక చుక్కను చూపించి తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తల ఊపాను. మళ్ళీ వేలు ముంచి రెండో గట్టు గీయసాగాడు. ఎండకు బండ కాలుతోంది. ఈ గట్టు పూర్తయ్యేలోగా ఆ గట్టు ఆరిపోతోంది.