నా కీళ్ళు, చెల్లి చేతులు

చిన్నప్పుడు మా చెల్లికి జ్వరం వచ్చిందంటే నాకు ఏడుపొచ్చేది. జాలితో కాదు. దానికి జ్వరమొస్తే నాన్న డ్యూటీ నుంచి వస్తూ స్టేషన్ బయట కమలాపళ్ళు కొనుక్కొచ్చేవాడు. అమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని, ఒక్కో తొనా ఒలిచి, గింజ తీసి నోట్లో పెట్టేది. నేను గుమ్మం దగ్గర నిలబడి తొక్కల వాసన పీల్చుకునేదాన్ని.

టాటానగర్ స్టేషన్ దగ్గర బర్మామైన్స్‌లో మా ఇళ్ళ వరసలో ఏ జబ్బు తిరిగినా ముందు చెల్లినే పట్టుకునేది. తట్టు, గవదబిళ్ళలు, కోరింతదగ్గు, ఏదీ దాన్ని వదల్లేదు. నన్ను ఒక్కటీ తాకలేదు. ఒకసారి దానికి ఆటలమ్మ పోసింది. వేపాకులు పరిచిన కొత్త చాప మీద పడుకోబెట్టి, అమ్మ దాని పక్కనే కూచుని విసురుతూ ఉండేది. నాకూ పొయ్యాలని, అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు దాని పక్కలో దూరి పడుకున్నాను. అది తాగి వదిలేసిన నీళ్ళు తాగాను. రోజూ పొద్దున్నే గౌను ఎత్తి పొట్ట చూసుకునేదాన్ని. ఒక్క పొక్కు కూడా లేదు.

"దీనికేటీ అంటదమ్మా. రాతి గుంట," అని అమ్మ పక్కింటావిడతో గొప్పగా చెప్పేది. ఆ వెంటనే బకెట్ నా చేతికొచ్చేది. రాతి పిల్ల కదా, పంపు నుంచి నీళ్ళు మోసుకురాగలదు.

పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరం ఈ ఊళ్ళోనే ఉండిపోయాం. మా ఆయన టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. నేను పుట్టిన బర్మామైన్స్‌లోనే రెండు వీధుల అవతల కాపురం పెట్టాను. చెల్లి మొగుడిది ఉక్కు కంపెనీ ఉద్యోగం. కద్మాలో క్వార్టరు, ఇంట్లోనే కుళాయి, వెనక బొప్పాయి చెట్టు. ఎప్పుడూ మంచం పట్టి ఉండే పిల్ల అక్కడికెళ్ళాక ఒళ్ళు చేసింది. బుగ్గలొచ్చాయి. ఇద్దరు మగపిల్లల్ని కంది. దాని కుళాయిని చూసి కుళ్ళుకోవడం నాకు అలవాటైపోయింది. అది పెద్ద బాధ కాదు. అసలు బాధ తర్వాత వచ్చింది.

డెబ్బైల చివర, నాకు ముప్ఫై దాటిన కొత్తల్లో, ఒక చలికాలం పొద్దున లేచేసరికి నా చేతివేళ్ళు ముడుచుకోలేదు. చలికి కొయ్యబారాయనుకున్నాను. కుంపటి మీద కాచుకుంటే కాసేపటికి కదిలాయి. మర్నాడూ అంతే. తర్వాత కణుపులు వాచాయి, రెండు చేతులకీ ఒకేలాగ. తడిగుడ్డ పిండలేను. డబ్బా మూత తియ్యలేను. పంపు కొట్టాలంటే మోచేత్తో నొక్కేదాన్ని. పొద్దున లేచింది మొదలు స్టేషన్‌కి వెళ్ళే వాళ్ళ సందడి తగ్గేదాకా, ఆ చేతులు నావి కానట్టే ఉండేవి.

మా దగ్గరే ఉండే మా అత్తకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఆవిడ నన్ను చూసి బాధపడింది గానీ, కొంచెం తోడు దొరికినట్టు కూడా అనుకుంది.

"వాతవేనే. నాకున్నదే నీకూ వచ్చింది. ఎల్లుల్లి కాసిన ఆవనూనె రాసుకో," అంది.

రాసుకున్నాను. ఉప్పు మూటతో కాపడం పెట్టుకున్నాను. ఇల్లంతా వెల్లుల్లి వాసన తప్ప ఇంకేం మిగల్లేదు.

చెల్లికి సంగతి తెలిసి రోజూ రావడం మొదలుపెట్టింది. పిల్లల్ని బడికి పంపి, రిక్షా ఎక్కి కద్మా నుంచి వచ్చేది. వచ్చీ రాగానే కొంగు బొడ్లో దోపి పిండి రుబ్బేది, గుడ్డలు పిండేది, కూరలు తరిగేది. మా అమ్మాయి మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి దువ్వెన పట్టుకుని సిద్ధంగా ఉండేది. చెల్లికి ఆడపిల్లలు లేరు. మా అమ్మాయి జడంటే దానికి ఆటబొమ్మ దొరికినట్టే.

నేను వంటింటి గడప మీద కూచుని దాని వేళ్ళు చూసేదాన్ని. సన్నటి వేళ్ళు. పాయలు తీసి, తిప్పి, లాగి, రిబ్బన్ ముడి వేసేదాకా ఎక్కడా ఆగేవి కావు. మాట్లాడుతూనే వేసేది, నా వైపు చూస్తూనే వేసేది. చేతులున్నాయన్న ధ్యాసే దానికి ఉండేది కాదు. చీరల మీదా, క్వార్టరు మీదా పడే ఏడుపు వేరు. అవి ఇవాళ కాకపోతే రేపు మనకీ రావచ్చు. చెల్లి చేతులు ఊపుకుంటూ మా ఇంటికి వచ్చేది. ఆ చేతులు నాకెక్కడ దొరుకుతాయి?

ఒక ఆదివారం అది రాలేదు. నేనే దువ్వెన తీశాను. సగం జడ వేశాక వేళ్ళు జారిపోయాయి. మా అమ్మాయి అద్దంలో చూసుకుని, "ఛోడ్ దో మా, మౌసీ బనా దేగీ," అంది. వదిలెయ్యమ్మా, పిన్ని వేస్తుందిలే అని. దానికి కోపమేం లేదు, విసుగూ లేదు. మామూలుగా అనేసి బయటికి పరిగెత్తింది.

మర్నాడు చెల్లి వచ్చి, పిండి రుబ్బి, దువ్వెన అందుకోగానే నేను లాక్కున్నాను.

"నీకిద్దరు కొడుకులున్నారు కదే? ఎల్లి ఆళ్ళకి దువ్వుకో. నా గుంటని ఒగ్గెయ్."

"ఏటప్పా, ఏటయ్యింది?" అంది. అక్కని మేం అప్ప అనే అంటాం.

"ఏటీ అవనేదు. నువ్వు రాకు. నా ఇల్లు నాను సూసుకుంతాను."

అది రుబ్బిన పిండి మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మా అత్త మంచం మీంచి, "నీకేటి పోయేకాలవే? దాని సెయ్యి నేకపోతే ఈ ఇంట్లో కూడుడుకుతాదేటి?" అని అరిచింది. ఆ మాట మరింత మండించింది.

ఆ వారమంతా అది రాలేదు. ఇల్లు ఎలా గడిచిందో చెప్పను. తర్వాత ఒక పొద్దున గుమ్మం ముందు రిక్షా ఆగింది. చెల్లి దిగలేదు, లోపలికి కేక వేసింది.

"అప్పా, బేగి తయారవ్వు. డాక్టరమ్మ దగ్గరికి ఎల్తన్నాం. అత్తనీ రమ్మను."

ఆ వేళ్ళతో నేను చీర కుచ్చిళ్ళు పెట్టుకోలేనని గుర్తొచ్చి, చివరికి అదే దిగొచ్చి పెట్టింది.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. నెమ్మదిగా, విడమరిచి హిందీ మాట్లాడేది. నా వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. అత్త మోకాళ్ళు వంచి చూసింది. రక్తం తీయించి, మళ్ళీ రమ్మని, మళ్ళీ వెళ్ళాక చెప్పింది. ఇద్దరివీ కీళ్ళ నొప్పులే గానీ, ఒకే జబ్బు కాదట.

ముందు అత్త సంగతి. మనిషి ఒకప్పుడు నాలుగు కాళ్ళ మీద నడిచిన జంతువుల సంతతి అనీ, రెండు కాళ్ళ మీద లేచి నిలబడ్డాక ఒంటి బరువంతా మోకాళ్ళ మీదా నడుం మీదా పడిందనీ చెప్పింది. వయసుతో ఆ కీళ్ళు అరుగుతాయి. "పిల్లల్ని కని పెంచే వయసు దాటాక వచ్చే నొప్పి కదా, అందుకే ప్రకృతి దాన్ని అంతగా పట్టించుకోలేదేమో," అంది.

చెల్లి ఇదంతా తెలుగులో చెప్పేసరికి అత్త మండిపడింది. "అయితే నన్ను పాక్కుంటా తిరగమంటాదేటి? మనవల్ని పెంచింది ఎవులట? ఆవిడ సెప్పిన ప్రకృతా?"

చెల్లి దాన్ని హిందీలోకి మారిస్తే డాక్టరమ్మ చాలాసేపు నవ్వింది.

నా వంతు వచ్చింది. ఒంట్లో ఒక కాపలా ఉంటుందట, బయటి జబ్బుల్ని తరిమి కొట్టడానికి. నా కాపలా సొంతింటి వాళ్ళనే దొంగలనుకుని కొడుతోందట. అందుకే రెండు చేతులూ వాచాయి.

"మరి దీనికెందుకు రాలేదు?" అని చెల్లి వైపు చూపించాను. "ఒకే తల్లి కడుపున పుట్టాం. చిన్నప్పుడు జబ్బులన్నీ దానికే. నాకు ఒక్కటీ రాలేదు. ఇప్పుడు నాకే ఎందుకొచ్చింది?"

డాక్టరమ్మ, "ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కొందరి ఊహ ఒకటుంది. పూర్వం ఊళ్ళకు ఊళ్ళు మహమ్మారికి పోయేవి. కాపలా గట్టిగా ఉన్నవాళ్ళు కొందరు బతికి పిల్లల్ని కన్నారు. మనం వాళ్ళ పిల్లలం. ఆ గట్టి కాపలాయే ఒక్కోసారి ఇలా ఎదురు తిరుగుతుందేమో. నీ విషయంలోనూ అదేనని మాత్రం నేననను," అంది.

జబ్బుని నేనే కోరి తెచ్చుకున్నట్టుగా ఉంది నాకు. ఆటలమ్మ కోసం దాని పక్కలో దూరిందీ, పొక్కు రాలేదని ఏడ్చిందీ నేనే. నన్ను ఆదుకున్నదే ఇప్పుడు నన్ను కొరుకుతోందంటే ఎవరిని తిట్టుకోను?

తిరిగి వచ్చేటప్పుడు అత్తని ఒక రిక్షాలో ఎక్కించి, వెనక రిక్షాలో మేమిద్దరం కూచున్నాం. చాలా దూరం వచ్చాక చెల్లి అంది:

"అప్పా, నాను మంచమ్మీద పడుకుని కిటికీలోంచి నిన్నే సూసేదాన్ని. నువ్వు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడేదానివి. ఎంత ఎగిరేదానివే! నాకు కుళ్ళొచ్చేది. ఓ పాలి నీకు జొరం రావాలనీసి మొక్కుకున్నాను కూడా."

నేను ఏం అనాలి? అయ్యో అనాలి, దగ్గరికి తీసుకోవాలి. అవేం చెయ్యలేదు. నా లోపల ఏదో చల్లగా, హాయిగా దిగింది.

"ఏటన్నావు? మళ్ళీ సెప్పు," అన్నాను.

"నిన్ను సూసి కుళ్ళుకునీదాన్నంతన్నాను."

"ఎంత?"

"నువ్విప్పుడు నన్ను సూసి ఎంత కుళ్ళుకుంతన్నావో, అంత."

అది నవ్వింది. నేనూ నవ్వాను గానీ, దానికి తెలిసిపోయిందని సిగ్గేసింది. మర్నాటి నుంచి మళ్ళీ వచ్చింది. నేను రావద్దనలేదు, రమ్మనీ అనలేదు.

మాత్రలు వేసుకుంటే వాపు కొంత తగ్గేది, కడుపులో మంట పెరిగేది. అలా ఉండగా నాకు మళ్ళీ నెల తప్పింది. ఈ చేతులతో బిడ్డేమిటని భయపడ్డాను. చిత్రంగా, నాలుగో నెల దాటేసరికి వేళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. బిడ్డని పరాయిదనుకుని తరిమెయ్యకుండా ఒంట్లో కాపలా కాస్త మెత్తబడుతుందేమోనని డాక్టరమ్మ చెప్పింది. కాన్పయ్యాక నొప్పి తిరిగి రావచ్చని కూడా హెచ్చరించింది. ఆ నెలల్లో నేను రొట్టెలు ఒత్తాను, దుప్పట్లు పిండాను, పంపు దగ్గర అందరికన్నా ముందు నిలబడ్డాను. చెల్లి వస్తే కూచోబెట్టి టీ ఇచ్చేదాన్ని. దానికి నా ఇంట్లో చేసే పనేం లేకుండా పోయిందని ఎంత పొంగిపోయానో.

కొడుకు పుట్టాడు. వాడికి రెండో నెల నిండకుండానే ఒక పొద్దున నా వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి.

చెల్లే వచ్చింది. పెరట్లో చిన్న పీట వేసుకుని, కాళ్ళు బారచాపి, వాడిని కాళ్ళ మీద పడుకోబెట్టి నలుగు పెట్టింది. వాడు దాని మొహంలోకి చూసి బోసినోటితో నవ్వాడు. వాడు అలా నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. నా బిడ్డ మొదటి నవ్వు కూడా దీనికేనా అనిపించింది. నేను రెండు మణికట్ల మధ్య చెంబు పట్టుకుని, వేణ్ణీళ్ళ బకెట్ పక్కన నిలబడిపోయాను.

"సూత్తా నిల్చున్నావేటప్పా? నీళ్ళు సల్లారిపోతన్నాయి, బేగి పొయ్యి," అంది, తలెత్తకుండా.

చెంబు వంచాను. కొన్ని వాడి మీద, కొన్ని దాని చేతుల మీద పడ్డాయి.