పురుగుల ఇంట్లో ల్యాప్‌టాప్

పిల్లమ్మ పట్టుపురుగుల ఇంట్లోకి ఎవరు రావాలన్నా గడప దగ్గర బ్లీచింగు నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. పురుగులకు తెగులు అంటకూడదు, పొగాకు వాసన అసలే పడదు. ఒకసారి సొంత తమ్ముడు ఆంజినప్పనే, "నోట్లో పొగాకు పెట్టుకోని యాడికి వస్తాండావు? ఆడే ఉండు" అని వాకిట్లో నిలబెట్టింది.

పెళ్లయినప్పటి నుంచీ ఆ గదిలో ఆమె ఒంటరిగానే పురుగులకు మల్బరీ ఆకు వేసింది. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు నాగేశ్ లారీ మీద తిరుగుతుంటాడు. కోడలు నేత్రావతి వచ్చాకే మాట్లాడడానికి మనిషి దొరికింది. నేత్రావతిది బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే బిల్లులు చూసే ఉద్యోగం. వాళ్లుండే రేకుల ఇల్లు ఎండకు కాలిపోతుంటే, "నా కాడికి రామ్మా, తడి గోనెలు కట్టిండాను, చల్లగుండాది" అని అత్తే పిలిచింది. నేత్రావతి ఓ మూల స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంది.

ఈ వేసవిలో అది గురగురమంటూ వేడెక్కి, పని మధ్యలో ఆరిపోవడం మొదలుపెట్టింది. ఇంకోసారి ఇలా అయితే రోజూ ఆఫీసుకే రావాలని మేనేజరు చెప్పాడు. అంటే చీకటితోనే బంగారపేటలో రైలెక్కి, మళ్లీ చీకటి పడ్డాక దిగడం. ఆ పూట పిల్లమ్మ పరధ్యానంగా ఒకే పురుగుల తట్టకు రెండుసార్లు ఆకు వేసింది.

మరునాడు ఇద్దరూ రాబర్ట్‌సన్‌పేట వెళ్లారు. ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఆనంద్ అడుగు మూత విప్పి నవ్వాడు.

"ఏమక్కా, దీంతో గోడలకు సున్నం కొడతాండారా?"

ఫ్యాను రెక్కల మధ్య తెల్లటి పొడి గట్టిపడి ఉంది.

"రోడ్డు దుమ్మయ్యుంటాది" అంది నేత్రావతి గబగబా.

పిల్లమ్మ ఆ పొడిని వేలితో తీసి నలిపి చూసింది. పురుగులు చర్మం మార్చుకోవడానికి మేత మానినప్పుడు, తట్టలు పొడిగా ఉండాలని ఆమె గుడ్డలో కట్టి చల్లే సున్నమే అది.

"దుమ్ము కాదప్పా. నేను చల్లిందే."

ఆనంద్ నవ్వు ఆపాడు. "ఫ్యాను అరిగిపోయిందమ్మా. తుడిచినా నిలవదు, కొత్తది వేస్తాను. ఇంగ ఆ గదిలో మాత్రం పెట్టొద్దండి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేత్రావతి అంది: "సున్నం చల్లే పొద్దు ఎత్తి పెట్టుకుంటాలే అత్తా."

"ఆ గాల్లోనే ఉంటాది సున్నం. ఇంట్లోనే కూర్చో."

ఇంటికి రాగానే పిల్లమ్మ ఒక తడి గోనె తెచ్చి నడింటి కిటికీకి కట్టింది. తన మంచం గోడకు జరిపి స్టూలుకు చోటు చేసింది. తర్వాత ఒక్కతే ఆకు బుట్ట ఎత్తుకుని పురుగుల ఇంట్లోకి వెళ్లింది.

సోమవారం ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆరిపోలేదు. మధ్యాహ్నం తట్టలకు సున్నం చల్లి పిల్లమ్మ బయటికి వచ్చింది. నీళ్ల తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది. కొంగు దులిపింది. చాలలేదనిపించి మళ్లీ దులిపింది. నడింటి గడప బయట ఆగింది.

"ఇంగ రావచ్చునా?"

నేత్రావతి తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"కాళ్లు కడిగినావా?"

పిల్లమ్మ వెనక్కి చూసింది. వాకిలి పొడుగునా తన తెల్లటి అడుగులు. "అబ్బో, మేనేజరమ్మ!" అని నవ్వుకుంటూ తిరిగి తొట్టి దగ్గరికి నడిచింది.