ముందు దర్వాజా

ఒమాన్ దేశంలోని సీబ్‌లో మేము కట్టిన మొదటి పెద్ద ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంటుంది. నా చేతి గోడ పగులు బారదు. గొప్పకే చెబుతున్నాను, అనుమానమున్నవాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. డెబ్బైల్లో అక్కడ ఇసుక ఎక్కువ, ఇళ్ళు తక్కువ. కరీంనగర్ వైపు నుంచి వెళ్ళిన మాలాంటి వాళ్ళకు డ్యూటీకి కొదవ లేదు. నేను మేస్త్రీని. మా చిన్నబాపు, అంటే మా నాయన తమ్ముడు, అదే సైట్‌లో సిమెంటు మాలు మోసేవాడు.

ఇల్లు పూర్తయ్యాక యజమాని పనివాళ్ళందరినీ దావత్‌కు పిలిచాడు. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. చిన్నబాపుకు మాత్రం ఆయన దొరే. పిలుపు విన్నప్పటి నుంచీ చిన్నబాపుకు ఒకటే దిగులు.

"నేను ఎన్క నుంచి వస్త తియ్. దొర ఇంట్లకు ముందు దర్వాజ నుంచి పోవుడేందిరా?"

నాకు ఒళ్ళు మండింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఆ దర్వాజ నిలవెట్టిందే మనం గదనే! అదే నీకు మొక్కాలె" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు.

మా ఊళ్ళో దొర గడీ ఉండేది, కోటలాంటి ఇల్లు. దాని ప్రహరీకి మట్టి మోసింది మా తాత, అదీ వెట్టికి. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి, తలరుమాలు తియ్యాలి. చిన్నబాపు చిన్నతనమంతా దొర చేతుల మీద నీళ్ళు పోయడంతోనే గడిచింది. చెంబు పట్టుకొని నిలబడటమే పని, రాకపోకలన్నీ పెరటి దిడ్డి నుంచే. దొర హైదరాబాద్‌కు మకాం మార్చి గడీకి తాళం పడ్డాక కూడా ఆయన ఆ దారిన చెప్పులు విప్పే నడిచేవాడు. సముద్రం దాటి వచ్చినా ఆ గడీ మమ్మల్ని వదల్లేదు. ఆ రోజు చిన్నబాపు వెనక నుంచి పోయాడంటే ఇక చచ్చేదాకా అంతేనని నాకు భయం పట్టుకుంది.

మా ఇంజినీరుది ఐర్లాండ్. మన కూలీలతో ఏళ్ళ తరబడి పనిచేసి, వచ్చీరాని హిందీ పట్టాడు. మనసాగక సంగతంతా ఆయన ముందు వెళ్ళగక్కాను. తెల్లదొరకు గడీ బాధేం తెలుస్తుందిలే అనుకుంటూనే చెప్పాను. ఆయన నవ్వలేదు. సిమెంటు సంచి మీద కూర్చుని వాళ్ళ ఊరి గడీ కథ ఎత్తుకున్నాడు.

వాళ్ళకూ గడీలుండేవట! చుట్టుపక్కల ఊళ్ళ భూమంతా ఒక్క దొరదే. ఊరివాళ్ళు దాన్ని కౌలుకు చేసుకోవాలి. కౌలు కట్టలేనివాణ్ణి బయటికీడ్చి, వాడి గుడిసె కూలగొట్టేవారు. కొందరు దొరలైతే ఇంగ్లండ్‌లోనే కూర్చుని మనుషులను పెట్టి వసూలు చేయించుకునేవారు. కరువు రోజుల్లో జనం గుక్కెడు అంబలి కోసం రాళ్ళు మోసి, గడీ తోట చుట్టూ మైళ్ళ పొడుగు గోడ కట్టారట. పనివాళ్ళు దొరసాని కంటపడకూడదని తోట కింద సొరంగం కూడా తవ్వించారు. ఇంజినీరు వాళ్ళ తాత ఆ సొరంగంలో బొగ్గు మోసి మోసి ముసలివాడయ్యాడు.

తర్వాత చట్టాలొచ్చి భూములు కౌలుదార్ల పరమయ్యాయి. కొన్ని గడీలను జనం తగలబెట్టారు. కప్పు లేని ఇంటికి పన్ను ఉండదని కొన్నింటికి సొంతదార్లే కప్పు పీకించారు. వాళ్ళ ఊరి గడీ కప్పు పోయాక, తాత మొదటిసారి ముందు తలుపు దాకా నడిచాడట. లోపల దొర లేడు, కాకులున్నాయి. అయినా టోపీ తీసి చేత పట్టుకుని, గడప దాటకుండానే వెనక్కి వచ్చేశాడట.

"మా తాత లోపలికి పోలేకపోయాడు. నువ్వు మీవాణ్ణి వదిలిపెట్టకు" అన్నాడు ఇంజినీరు.

అదంతా చిన్నబాపుకు చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు.

"తెల్లోళ్ళల్ల గూడ వెట్టి ఉండెనారా?"

"ఉండెనట."

"వారీ! సొరంగమంటే నయమే, జెర నీడనన్న ఉండె."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

దావత్ నాడు చిన్నబాపు దర్వాజా ముందు ఆగిపోయాడు. నేల పెనంలా కాలుతున్నా చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఇంజినీరు లోపలి నుంచి చూస్తున్నాడు. నేను నోరు మెదపలేదు. నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. చివరికి చిన్నబాపు గడపను తాకి చేతిని కళ్ళకద్దుకుని, లోపల కాలు పెట్టాడు. తివాచీ అంచున అర్బాబ్ చెప్పులు కూడా విడిచి ఉన్నాయి. చిన్నబాపు వాటిని కాసేపు చూసి, చంకలోని చెప్పులు తీసి పక్కనే పెట్టాడు.

పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం. అందరం చుట్టూ కూర్చున్నాం, అర్బాబ్ కూడా మాతోనే తిన్నాడు. తర్వాత ఆయనే కూజా పట్టుకుని వరసగా గావా పోశాడు. అది వాళ్ళ కాఫీ, చక్కెర ఉండదు. చాలనుకుంటే చేతిలోని చిన్న గిన్నెను అటూ ఇటూ ఊపాలి, ఊపేదాకా పోస్తూనే ఉంటారు. మేమందరం ఊపేశాం. చిన్నబాపు ఊపలేదు. అర్బాబ్ మళ్ళీ పోశాడు, మళ్ళీ పోశాడు. దొరను వద్దనలేక ఆ చేదు మింగుతున్నాడని నా ప్రాణం ఉసూరుమంది.

"గిన్నె ఊపు సిన్నబాపూ, ఇగ పొయ్యడు" అని చెవిలో అన్నాను.

"నాకెర్కే రా. అందరు ఊపంగ సూస్తలేనా?" అంటూ ఆయన బాసింపట్టు సర్దుకుని, ఖాళీ గిన్నె మళ్ళీ చాపాడు. "దొర నిలవడి పోస్తాండు, నేను కూసుండి తాగుతాన. జెర ఆగు, ఇంకింత పొయ్యనీ."