దక్షిణం గోడ

మేం అద్దెకుంటున్న ఊరు కాపెల్‌లో ఆ ఇల్లు మాకు దక్కాల్సింది. పొయ్యి దగ్గర ఇద్దరు నిలబడి పోట్లాడుకునేంత చోటు, కిటికీ బయట పీచ్ చెట్టు. వంటిల్లు చూడగానే నేను పడిపోయాను. మా ఆయన లోపలికైనా రాలేదు. గుమ్మం ముందే ఫోన్‌లో కంపాస్ తెరిచి, "సౌత్ ఫేసింగ్. వద్దు" అన్నారు.

"కిచెన్ ఒక్కసారి చూడండి."

"యముడి దిక్కు. కిచెన్ చూసి ఏం చేస్తాం?"

నెల తిరక్కుండా ఆ ఇంటిని మా ఆఫీసులో నా పక్క సీటు చైనా ఆవిడ కొనేసింది. చేజారిందని వాపోతూ ఆమెకు ఫోటోలు చూపించింది నేనే. నా నోటి దూల. వాళ్ళకు దక్షిణ ద్వారమంటే మహా ప్రీతి అని నాకేం తెలుసు?

కొత్తింటి పార్టీకి పిలిస్తే వెళ్ళాం. అందరూ ఇల్లు బాగుందంటున్నారు. నేనూ అన్నాను, కళ్ళల్లో నిప్పులు పోసుకుని. మా ఆయన గడప దగ్గర మళ్ళీ కంపాస్ తీశారు. ఆవిడ ఎందుకని అడిగితే సంగతంతా చెప్పాను.

ఆవిడ నవ్వి, "ఇలాంటివాళ్ళని మేం, దక్షిణం గోడకి గుద్దుకునేదాకా వెనక్కి తిరగరు అంటాం" అంది. పూర్వం వాళ్ళ పెద్దిళ్ళకు ద్వారం దక్షిణానికే ఉండేదట. దారిన పోయేవాళ్ళకు లోపల కనిపించకుండా ద్వారానికి బయట ఎదురుగా అడ్డుగోడ కట్టేవారట. ఇంట్లోంచి బయటికొచ్చేవాళ్ళు గుమ్మం దాటాక పక్కకు తిరగాలి. తిరగను, తిన్నగానే పోతానంటే గోడ తగులుతుంది. మొండివాళ్ళను అలా అనడం అక్కణ్ణుంచే వచ్చిందని వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట.

మా ఆయన వైపు చూసి మరీ నవ్వాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇల్లూ ఆవిడదే, ఇంత మంచి మాటా ఆవిడదేనా?

తిరిగొస్తుంటే కారులో ఆయన నెమ్మదిగా, "అదే వీధిలో ఇంకోటి సేల్‌కి ఉందట. సౌత్ ఫేసింగే. ప్లాన్ కూడా సేమ్. సండే వెళ్ళి చూద్దామా?" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన ఒక మెట్టు దిగడం అదే మొదటిసారి.

"వద్దు" అన్నాను.

"మరేం కావాలే నీకు?"

"ఆ ఇల్లే."

ఇంకా అద్దెకే ఉంటున్నాం. కూరగాయలకు వెళ్ళినా చుట్టు తిరిగి ఆ వీధి మీదుగానే డ్రైవ్ చేస్తాను, ఆవిడ ఇంటి ముందు అమ్మకం బోర్డు పెట్టిందేమోనని.